రెండు నిమిషాల నీళ్లు

ఫైరింజను ట్యాంకులో నాలుగున్నర వేల లీటర్ల నీళ్లు పడతాయి. ఇల్లు కాలుతున్న మనిషికి ఆ బండి రోడ్డు మలుపు తిరుగుతుంటే చెరువే కదిలి వస్తున్నట్టు ఉంటుంది. దాని పంపు మాత్రం పూర్తి వేగంలో నిమిషానికి 2,250 లీటర్లు తోసేస్తుంది. అంతా తెరిచి కొడితే రెండు నిమిషాల్లో ట్యాంకు అడుగు కనిపిస్తుంది. సన్నటి బ్రాంచి తగిలించి, మంట మొదలు చూసుకుని పొదుపుగా కొడితే పది పన్నెండు నిమిషాలు సాగదీయొచ్చు. బ్రాంచి అంటే మా భాషలో హోస్ చివర ఉండే నాజిల్. ఆ పన్నెండు నిమిషాలూ అయ్యేలోగా రెండో బండి రావాలి, లేదా చేరువలో కాలవో చెరువో దొరకాలి. ముప్పై అయిదేళ్ల నా ఉద్యోగమంతా ఆ కాస్త వ్యవధిలోనే గడిచింది.

1984లో ఫైర్‌మన్‌గా చేరి 2019లో లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను. కోస్తాలో అయిదు స్టేషన్లు తిరిగాను. మా ఆవిడ పోయాక హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. టీవీలో ఎక్కడ అగ్నిప్రమాదం చూపించినా మా అల్లుడు నా మొహంలోకి చూస్తాడు, ఏమంటానోనని. నా కళ్లు మంట మీద ఉండవు. బండి చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతుంటాను. పంపు దగ్గర ఒకడు, బ్రాంచి మీద ఇద్దరు, హోస్ పరుస్తున్నవాడు ఒకడు, లోపలికి పోయినవాళ్లు ఎందరు, బయట వాళ్ల కోసం కాచుకున్నవాడు ఎవడు. ఈ లెక్క నాకు ట్రైనింగులో రాలేదు. ఒక ముసలావిడ నేర్పింది.

తొంభైల్లో ఒక ఏప్రిల్. మిట్టమధ్యాహ్నం, వడగాలి. మా స్టేషన్‌కి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పేట అంటుకుంది. తాటాకు ఇళ్లు, ఒకదాని చూరు ఒకదానికి ఆనుకుని ఉన్నాయి. ఫోను ఊళ్లో ఒకే ఒక్క ఇంట్లో ఉండేది, అక్కడికి మనిషి పరిగెత్తి వెళ్లి మాకు చెప్పేసరికే పావుగంట పోయింది. గంట కొట్టగానే బండెక్కాం. ఆరుగురు ఎక్కాల్సిన బండి మీద ముగ్గురమే ఎక్కాం. డ్రైవర్, నేను, నాకంటే చిన్నవాడు ఒక ఫైర్‌మన్. రెండు పోస్టులు ఏళ్లుగా ఖాళీ. ఒకడు అంతకుముందు నెల కాలి మీద దూలం పడి సెలవులో ఉన్నాడు.

నీళ్లు కొట్టడం మొదలయ్యాక డ్రైవర్ పంపు వదిలి కదలకూడదు. ఒత్తిడి కాస్త తగ్గినా, పెరిగినా బ్రాంచి పట్టుకున్నవాడికి ప్రమాదం. ఇక మిగిలింది ఇద్దరం. ఆ ఒత్తిడిలో బ్రాంచిని ఒక్కడు పట్టుకుంటే అది మనిషిని ఎత్తి విసిరేస్తుంది, అందుకని ఇద్దరమూ దాని మీదే. అంటే ఒకే లైను. మంటకి రెండు వైపులున్నాయి. గాలి ఏ వైపు తిరిగితే ఆ వైపు ఇళ్లు పోతున్నాయి. మేము ఒకవైపు ఆపాం. ఇంకోవైపు ఆపాలంటే ఇంకో లైను కావాలి, ఇంకో ఇద్దరు కావాలి. పక్క స్టేషన్ బండి రావాలి గానీ, అది ఆ రోజు ఒక నాయకుడు దిగే హెలిప్యాడ్ దగ్గర స్టాండ్‌బైలో ఉంది. అది మా దగ్గరికి వచ్చేసరికి బూడిద మీద నీళ్లు చల్లడమే మిగిలింది.

జనం తిట్టారు. ఇంత ఆలస్యమా అన్నారు, నీళ్లు లేని బండి ఎందుకన్నారు. ఒకడు రాయి కూడా విసిరాడు, డ్రైవర్ తలుపుకి తగిలింది. నాకు కోపం రాలేదు, వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఒక ముసలావిడ మాత్రం ఏమీ అనలేదు. కూతురి పెళ్లికని ట్రంకుపెట్టెలో దాచిన డబ్బు ఆవిడ కళ్లముందే కాలిపోయింది. మేము హోస్ చుట్టుకుంటుంటే దగ్గరికి వచ్చి నా చొక్కా పట్టుకుని అడిగింది: "ఇంకో మనిషి లేడా నాయనా మీకు?"

అంతమందిలో ఆవిడ ఒక్కతే చూసింది. ఆలస్యం కన్నా, నీళ్ల కన్నా, అసలు కొరత మనిషి. అప్పుడు నేను తల దించుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు మా స్టేషన్‌లో లేదు, మా జిల్లా ఆఫీసులో లేదు. రాజధానిలో ఏదో ఫైలులో ఉంది. తర్వాత్తర్వాత జిల్లా ఆఫీసుకి ఇండెంట్లు పట్టుకెళ్లే పని నా మీద పడ్డప్పుడు ఆ ఫైళ్ల దారి కొంచెం కొంచెం తెలిసింది. తెలిసినంత చెబుతాను.

ప్రభుత్వం దగ్గర ఏ స్టేషన్‌కైనా మనుషుల లెక్కలు మూడుంటాయి. మంజూరైన పోస్టులు ఒకటి. అందులో జీతం తీసుకుంటున్నవాళ్లు రెండోది. గంట కొట్టినప్పుడు బండి మీదికి ఎక్కేవాళ్లు మూడోది. అసెంబ్లీలో మొదటి రెండూ చెబుతారు. మంట దగ్గర పనికొచ్చేది మూడోది. మా రోజుల్లో ఇరవైనాలుగు గంటలు డ్యూటీ, ఇరవైనాలుగు గంటలు రెస్ట్. బండి మీద ఆరు సీట్లంటే రెండు బ్యాచీలకి పన్నెండు మంది. సెలవు, జ్వరం, ట్రైనింగు, కోర్టు సాక్ష్యం అన్నీ మనుషులకి ఉండేవే కాబట్టి ఇంకో ముగ్గురు కలుపుకోవాలి. ఒక్క బండికి పదిహేను మంది. ఎనిమిది గంటల షిఫ్టులు పెట్టమని అడిగినప్పుడల్లా పైవాళ్లు వెనకాడేది ఇందుకే, మూడు షిఫ్టులంటే ఇరవై దాటుతుంది. ఈ గుణకారం తెలియని వాళ్లకి పదకొండు మంది ఉన్న స్టేషన్ నిండుగానే కనిపిస్తుంది.

ఒక పోస్టు ఖాళీ అయితే నిండడానికి ఎంతకాలం పడుతుందో కూడా చూడాలి. శాఖ రాస్తుంది, హోం శాఖ చూస్తుంది, ఆర్థిక శాఖ ఆమోదించాలి, అప్పుడు రిక్రూట్‌మెంట్ బోర్డుకి వెళ్తుంది. తెలంగాణలో పోలీసు పోస్టులతో కలిపి ఫైర్‌మన్ ఉద్యోగాలకి 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు, మళ్లీ రాతపరీక్ష, ఎంపిక, ట్రైనింగు అన్నీ దాటుకుని ఆ కుర్రాళ్లు వట్టినాగులపల్లి శిక్షణ కేంద్రంలో పాసింగ్ అవుట్ పరేడ్ చేసింది 2024 జూలైలో. నోటిఫికేషన్ దగ్గర్నుంచే రెండేళ్ల మూడు నెలలు. దానికి ముందు ఫైలు నడిచిన కాలం వేరే. ఆ మధ్యలో నాలాంటివాళ్లు రిటైరవుతూనే ఉంటారు. కుండలో పోసేది చెంబుతో, కారేది ధారగా.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హోంగార్డుల్ని, ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్లని తెచ్చి సీట్లు నింపుతున్నారు. వాళ్లని తక్కువ చేసి మాట్లాడను. నేను చూసిన ధైర్యవంతుల్లో ఒకడు ఔట్‌సోర్సింగ్ కుర్రాడు, బావిలో పడ్డ పిల్లని తాడు మీద దిగి తెచ్చాడు. ఆ నెల వాడికి జీతం మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. మంటలోకి నా పక్కన వచ్చేవాడికి రేపు చెయ్యి కాలితే ఇల్లు ఎలా గడుస్తుందోనన్న బెంగ ఉండకూడదు. ఆ బెంగ ఉన్న మనిషి ఒక అడుగు వెనక ఉంటాడు. ఆ అడుగు వెనకున్నందుకు వాణ్ణి తప్పుపట్టలేం.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944లో ఆ రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుంది. దాంట్లో దూది బేళ్లూ, పేలుడు సామగ్రీ కలిపి ఎక్కించారు. ఆర్పడానికి వెళ్లినవాళ్లలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది పేలుళ్లలో పోయారు. వాళ్ల పేరు మీద చేసే వారం అది. బస్టాండుల్లో కరపత్రాలు పంచుతాం, బడుల్లో పిల్లలకి సిలిండరు మంట ఆర్పి చూపిస్తాం. మంచి పనే, ఎన్నో ఏళ్లు ఇష్టంగా చేశాను. కానీ తాటాకు ఇళ్లూ గడ్డివాములూ ఎక్కువగా అంటుకునే రోజులూ అవే. పదకొండు మందిలో ముగ్గురు కరపత్రాలతో వెళ్తే బండి మీద ఎవరుంటారు?

ఇక బళ్లు. మనుషుల విషయంలో అయినంత కాలయాపన బళ్ల మంజూరుకి ఉండదు. డబ్బు వస్తుంది, ఒక్కోసారి గట్టిగానే వస్తుంది. 15వ ఆర్థిక సంఘం అగ్నిమాపక శాఖల ఆధునికీకరణకి దేశం మొత్తానికి 5,000 కోట్లు కేటాయించింది. ఆ పథకం 2023లో మొదలైంది. మనలాంటి రాష్ట్రాలు నూటికి పాతిక తమ వాటా వేసుకోవాలి. కొత్త స్టేషన్లు, బళ్లు, పరికరాలు, శిక్షణ కేంద్రాలు అన్నీ దాంట్లోకి వస్తాయి. నెలనెలా ఇచ్చే జీతాలు రావు. అవి రాష్ట్రం ఖజానాలోంచే పోవాలి. బండి ఒకసారి పెట్టే ఖర్చు. మనిషి ముప్పై అయిదేళ్ల జీతం, ఆ తర్వాత పింఛను. ఆర్థిక శాఖవాళ్లు బండికి సంతకం పెట్టినంత తేలిగ్గా పోస్టుకి పెట్టకపోవడానికి కారణం ఇదే, వాళ్ల లెక్క వాళ్లది. పైగా బండికి రిబ్బను కట్టి జెండా ఊపొచ్చు. పదిహేను పోస్టులు మంజూరు చేస్తే ఊపడానికి జెండా లేదు, పేపర్లో ఫొటో లేదు. ఎన్నికల ముందు షెడ్డులోకి కొత్త బండి వచ్చి, దాన్ని నడపడానికి పాత బండి డ్రైవర్నే దించిన స్టేషన్లో నేను పనిచేశాను. ఆ రోజు నుంచి మా స్టేషన్ రెండు బళ్ల స్టేషన్‌గా రికార్డుల్లోకెక్కింది. బయల్దేరేది ఎప్పుడూ ఒకటే.

ఫైరింజన్ని కారులాగా షోరూములో కొనరు. లారీ కంపెనీ దగ్గర చాసిస్ కొంటారు. ముందు భాగం, ఇంజను, చక్రాలు, అంతే. దాన్ని ఇంకో కంపెనీకి అప్పగిస్తే వాళ్లు ట్యాంకు, పంపు, లాకర్లు, నిచ్చెన అన్నీ కట్టి ఇస్తారు. సాధారణంగా రెండు కొనుగోళ్లు, రెండు టెండర్లు, రెండు బిల్లులు. మొదటిది అయిపోయి రెండోది ఆగిందనుకోండి, చాసిస్ ఎండకీ వానకీ నిలబడి ఉంటుంది. ఒకచోట నేను చూసిన చాసిస్ మీద పిచ్చుకలు గూడు పెట్టాయి. టైర్లు నేల వైపు చదునైపోయాయి. బాడీ కట్టే టెండరులో ఎవరో అభ్యంతరం పెట్టారని, అది తేలడానికి ఏడాది దాటిందని తర్వాత విన్నాను.

టెండరులో అసలు నిర్ణయం ధర దగ్గర జరుగుతుందని చాలామంది అనుకుంటారు. ధర తెరిచే రోజుకి జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది. స్పెసిఫికేషన్ అని ఒక కాగితం ఉంటుంది, కొనబోయే వస్తువు ఎలా ఉండాలో చెప్పేది. పరీక్ష అక్కడుంది. దాన్ని మరీ బిగించి రాస్తే ఒక్క కంపెనీ తప్ప ఎవరూ దూరలేరు. మరీ వదులుగా రాస్తే చెత్త కూడా అర్హత పొందుతుంది, ఆపైన అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికి, అంటే ఎల్-వన్‌కి ఇచ్చి తీరాలి. మాకు ఒకసారి వచ్చిన కొత్త డెలివరీ హోసులు అలా వచ్చినవే. చూడ్డానికి బాగున్నాయి, తేలిగ్గా ఉన్నాయి. ఒక జిన్నింగ్ మిల్లు మంట దగ్గర మూడో హోస్ కప్లింగ్ దగ్గర ఊడిపోయింది. నీళ్లన్నీ రోడ్డు పాలు. ఆ రాత్రి పాత హోసులే మమ్మల్ని కాపాడాయి. తర్వాత విచారణ జరిగింది. స్పెసిఫికేషన్లో ఒత్తిడి పరీక్ష ఎంతసేపు చెయ్యాలో రాయలేదట. సరఫరా చేసినవాళ్లు కాగితం ప్రకారం సక్రమంగానే ఉన్నారు. ఆ కాగితం రాసేటప్పుడు హోస్ పట్టుకున్న మనిషిని ఒక్కణ్ణయినా కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే, ఆ ఒక్క వాక్యం అందులో ఉండేది. నా సర్వీసు మొత్తం మీద కొనుగోళ్ల గురించి నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి అది.

మారిన మంచి కూడా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. అంతకుముందు టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని నిలబెట్టి, పోటీకి వచ్చేవాణ్ణి గేటులోనే ఆపేసేవాళ్లు. కంప్యూటరులోకి మారాక ఆ కాపలా పోయింది. ఎవరు ఎంతకి వేశారో బయటికి తెలుస్తోంది. కానీ కంప్యూటరుకి హోస్ సంగతి తెలియదు. మనం ఏం అడిగామో అదే అది కొనిపెడుతుంది.

బండి వచ్చాక కూడా కథ నడుస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ కొనసాగించకూడదని కేంద్రం నియమం తెచ్చింది. దేశ రక్షణకీ, శాంతిభద్రతలకీ వాడే ప్రత్యేక వాహనాలకి మినహాయింపు ఇచ్చారు. పాత బస్సు పొగ గురించి ఆలోచించి చేసిన నియమం అది, తప్పనను. కానీ ఫైరింజను తిరిగే కిలోమీటర్లు తక్కువ. పదిహేనేళ్లకి కూడా ఇంజను గట్టిగా ఉన్న బళ్లు నడుస్తుండగా నేను చూశాను. పోయేది ముందు పంపు సీళ్లు, ట్యాంకు అడుగు. తీసేసే బండికి బదులు కొత్తది ముందే వచ్చి నిలబడి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పాతది వెళ్లిన తేదీకీ, కొత్తది వచ్చే తేదీకీ మధ్య ఒక ఎండాకాలం పడిందంటే మాత్రం ఆ మండలానికి అదొక గండం.

ఎంతసేపట్లో చేరాలన్నదానికి ప్రమాణం లేకపోలేదు. కేంద్ర హోం శాఖ కింద స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ ఉంది. పట్టణాల్లో అయిదు నుంచి ఏడు నిమిషాల్లో, పల్లెల్లో ఇరవై నిమిషాల్లో బండి చేరాలని అది ఎప్పుడో చెప్పింది. పేరులోనే ఉంది, అది సలహా. పాటించకపోతే అడిగేవాడు లేడు. ఆ ఇరవై నిమిషాలు దక్కాలంటే పద్దెనిమిది కిలోమీటర్ల అవతల పేటకి మా స్టేషన్ సరిపోదు, మధ్యలో ఇంకోటి ఉండాలి. ఇంకోటి అంటే మళ్లీ పదిహేను మంది. ఎటు తిరిగినా ఆ ముసలావిడ ప్రశ్న దగ్గరికే వస్తాం.

అసలు ఈ శాఖ ఎవరిది? ఇది వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ చాలా ప్రాణాలు ఈ ప్రశ్న మీద ఆధారపడ్డాయి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో అగ్నిమాపక సేవలు పురపాలక సంఘాల పనుల జాబితాలో ఉన్నాయి. ముంబయిలో ఫైర్ బ్రిగేడ్ అక్కడి కార్పొరేషన్ కిందే ఉంది. మన దగ్గర మాత్రం 1999 చట్టం ప్రకారం హోం శాఖ కింద రాష్ట్ర ప్రభుత్వ శాఖగా నడుస్తోంది, రెండు రాష్ట్రాలయ్యాకా అంతే. నా మటుకు ఇదే నయం. మున్సిపాలిటీలకి వదిలేసి ఉంటే ఆ తాటాకు పేటకి ఆ ముగ్గురం కూడా వెళ్లి ఉండేవాళ్లం కాదు. కానీ దీనికో నష్టం ఉంది. ఇల్లు కట్టడానికి అనుమతి ఇచ్చేది ఒకరు, ఆ ఇల్లు కాలితే వెళ్లేది ఇంకొకరు. కరెంటు లోడు చూసేవాళ్లు వేరు, ఫ్యాక్టరీ అయితే ఇంకో శాఖ, పేలుడు పదార్థాలైతే కేంద్ర సంస్థ. ఎవరి కాగితం వాళ్ల దగ్గర సక్రమంగా ఉంటుంది.

వాణిజ్య భవనం 15 మీటర్లు, నివాస భవనం 18 మీటర్లు ఎత్తుంటే అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. జనం గుమిగూడే బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు లాంటివాటికి ఇంకా తక్కువ ఎత్తుకే కావాలి. అంతకు లోపలున్న మామూలు ఇల్లూ కొట్టూ మా శాఖ కళ్లకి ఆనవు. ఇప్పుడు హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ సంగతి చూడండి. 2025 మే 18, ఆదివారం తెల్లవారగానే అక్కడ ఒక భవనం అంటుకుంది. కింద కొట్లు, పైన రెండంతస్తుల్లో కుటుంబం. వేసవి సెలవులకి పిల్లలతో చుట్టాలు వచ్చి ఉన్నారు. లోపలికి వెళ్లే దారి ఇరుకు, మెట్లు ఒకటే. పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. మొగల్‌పురా ఫైర్ స్టేషన్ అక్కడికి దూరమేం కాదు. బండి ఎంత త్వరగా వచ్చినా ఆ ఇరుకు దారిలోంచే పోవాలి, పొగ ఆ దారిలోంచే బయటికొస్తుంది. టీవీ ముందు ఆ రోజు నేను లెక్కపెట్టడం మానేశాను. పది మంది ఉన్నా ఆ దారిలో ఇద్దరే పడతారు.

అంతకుముందు మూడేళ్ల పైచిలుకులో ఇదే నగరంలో ఇలాంటివి వరసగా జరిగాయి. 2022 మార్చిలో భోయిగూడ పాతసామాన్ల గోడౌన్‌లో నిద్రపోతున్న పదకొండు మంది బిహార్ కూలీలు. అదే ఏడు సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో ఎనిమిది మంది, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు, వరంగల్, మహబూబాబాద్ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన పాతికేళ్ల లోపు పిల్లలు, పొగకి ఊపిరాడక. నవంబరులో బజార్‌ఘాట్‌లో కనీసం తొమ్మిది మంది, కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. విజయవాడలో 2020 ఆగస్టులో స్వర్ణ ప్యాలెస్ హోటల్లో పది మంది పోయారు, కరోనాకి వైద్యం చేయించుకుంటున్నవాళ్లు. వీటిలో చాలా చోట్ల ఒకటే బొమ్మ. కింద వ్యాపారం, పైన మనుషులు, మధ్యలో ఒకే మెట్లు. మా భాషలో మెట్లంటే పొగగొట్టం.

ప్రతి ప్రమాదం తర్వాతా తనిఖీలు జరుగుతాయి. తనిఖీకి వెళ్లేది ఎవరనుకుంటున్నారు? స్టేషన్ ఫైర్ ఆఫీసరు. ఆయనే స్టేషన్ నడపాలి, మంటకి వెళ్లాలి, దీపావళి కొట్లకి అనుమతి చూడాలి, హెలిప్యాడ్‌కి మనుషుల్ని పంపాలి, పాఠశాలలో ప్రదర్శన ఇవ్వాలి. తనిఖీకంటూ వేరే మనుషులు కావాలని నేను గట్టిగా నమ్ముతాను. 15 మీటర్ల గీతకి కిందున్న భవనాలకి, కింద ఏం నిలవ చేస్తున్నారు, పైన ఎందరు పడుకుంటున్నారు అన్న రెండే రెండు ప్రశ్నలు అడగడానికి ఒక మనిషి చాలు. కార్పొరేషన్ మనిషైనా ఫర్వాలేదు, మా మనిషైనా ఫర్వాలేదు. ఆ పని ఇద్దరిలో ఎవరిదో ముందు జీవోలో రాయాలి. 2024 జూలైలో హైదరాబాద్‌కి విపత్తుల్లో స్పందించడానికీ, ఆస్తుల రక్షణకీ హైడ్రా అనే సంస్థ వచ్చింది, అవుటర్ రింగు రోడ్డు దాకా దాని పరిధి. విపత్తు బృందాలు ఒకే గొడుగు కిందికి రావడం మంచిదే. గొడుగు కింద ఎవరు ఏ మెట్లు చూడాలన్నది మాత్రం ఊరి జనానికి అర్థమయ్యేలా చెప్పాలి.

మా అమ్మాయి వాళ్లది పది అంతస్తుల అపార్ట్‌మెంటు. ఎన్ఓసీ ఉన్న భవనం. చేరిన వారానికే ఒకరోజు లిఫ్టు పక్కనున్న ఎర్రపెట్టె తెరిచి చూశాను. హోస్ లేదు, ఎవరో చీపుర్లు పెట్టుకున్నారు. నాలుగో అంతస్తులో హోస్ ఉంది, బ్రాంచి లేదు. అది ఇత్తడి కదా, అమ్ముకుని ఉంటారు. పైన ట్యాంకు దగ్గర వాల్వు తుప్పుపట్టి తిరగలేదు. అసోసియేషన్ సెక్రటరీ గారు మంచి మనిషి. మీటింగు పెట్టించారు. మూడు కొటేషన్లు తెచ్చారు. అందరూ తక్కువ ధరదే తీసుకుందామన్నారు. ఆ హోస్ నమూనా తెప్పించండి అన్నాను. కప్లింగ్ దగ్గర చూపించి, జిన్నింగ్ మిల్లు సంగతి చెప్పాను. ఎంత ఒత్తిడికి, ఎంతసేపు పరీక్ష చేసి ఇస్తారో కాగితం మీద రాసివ్వమని మూడు కంపెనీలనీ అడిగాం. మధ్య ధరవాడు రాసిచ్చాడు. ఫ్లాటుకి రెండొందల చిల్లర అదనంగా పడింది. ఇద్దరు అలిగారు, తర్వాత ఇచ్చారు.

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం పరీక్ష పెట్టాం. పదో అంతస్తులో హోస్ పరిచి నేను బ్రాంచి పట్టుకున్నాను. నా వెనక వాచ్‌మన్. కింద పంపు వేశారు. ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రటి తుప్పునీళ్లు, ఆ తర్వాత ఒక్కసారిగా ధార. అరవై అయిదు దాటిన చేతులు, హోస్ నన్ను పక్కకి లాగేస్తోంది. వాచ్‌మన్‌కి ఇది కొత్త, భయపడి వదిలేసేలా ఉన్నాడు. "ఇంకో మనిషి రండమ్మా" అని అరిచాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న పక్క ఫ్లాటు టీచరమ్మ చెప్పులు వదిలేసి, కొంగు నడుముకి చుట్టుకుని వచ్చి మా వెనక హోస్ పట్టుకుంది. ధార నిలకడగా నిలబడింది.